ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఊరికే అయిపోతోందా? క్రోమ్‌లో ఈ రెండు సెట్టింగ్స్ చూసుకోండి!

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్, నల్లకుంట.. పోటీ పరీక్షల అభ్యర్థుల అడ్డా ఇది. వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఓ ట్యాబ్‌లో యూట్యూబ్ క్లాస్, ఇంకో దాంట్లో కరెంట్ అఫైర్స్, మరో దాంట్లో మాక్ టెస్ట్.. ఇలా పదీ ఇరవై ట్యాబ్‌లు తెరిచే ఉంటాయి. చూడకపోయినా అవన్నీ ర్యామ్‌ను తింటూనే ఉంటాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయితే ఇక నత్తనడకే.

క్రోమ్‌లో దీనికోసం మెమరీ సేవర్, ఎనర్జీ సేవర్ ఉన్నాయి. గూగుల్ వీటిని 2022 డిసెంబర్‌లో ప్రకటించింది. పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో పర్ఫార్మెన్స్‌కు వెళ్తే కనిపిస్తాయి.

మెమరీ సేవర్ ఆన్ చేస్తే, కాసేపు ముట్టుకోని ట్యాబ్‌లు నిద్రలోకి వెళ్తాయి. మళ్లీ నొక్కితే పేజీ రీలోడ్ అవుతుంది. మెలిక ఇక్కడే ఉంది! ఆ టైమ్‌కి నెట్ లేకపోతే పేజీ రాదు. సగం నింపిన ఫామ్, ఆడియో వస్తున్న ట్యాబ్ జోలికి క్రోమ్ సాధారణంగా వెళ్లదు. అయినా రిస్క్ ఎందుకు? మాక్ టెస్ట్ సైట్‌ను, అప్లికేషన్ నింపే సైట్‌ను అక్కడే ఉన్న 'ఎప్పుడూ యాక్టివ్‌గా ఉంచాల్సిన సైట్లు' లిస్ట్‌లో చేర్చేయండి.

ఎనర్జీ సేవర్‌ను బ్యాటరీ 20 శాతానికి పడిపోయినప్పుడు గానీ, ప్లగ్ తీయగానే గానీ పనిచేసేలా పెట్టుకోవచ్చు. వీడియో కాస్త తడబడొచ్చు. బోర్డు మీద రాసింది కనిపిస్తే చాలు కదా!

ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటోందో తెలియాలంటే విండోస్‌లో క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఎడ్జ్ వాడేవాళ్లకు మెమరీ సేవర్ చేసే పనిని స్లీపింగ్ ట్యాబ్స్ చేస్తుంది.