నల్లా నుంచి గ్లాసు దాకా

మౌలాలిలో చాలా ఇళ్లకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. హౌసింగ్ బోర్డు కాలనీ అయినా, కొండ కింది బస్తీ అయినా, ఆ కాసేపట్లోనే సంపు, డ్రమ్ములు, బిందెలు నింపుకోవాలి. అంటే పిల్లలు తాగే నీళ్లు పైపులో కంటే ఇంట్లోనే ఎక్కువసేపు ఉంటాయి. మంచినీళ్ల పాఠం మొదలవ్వాల్సింది కూడా బిందె దగ్గరే.

ముందు పరిమాణం సంగతి. 2021 జనవరి నుంచి జలమండలి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తోంది. 30తో భాగిస్తే రోజుకు 666 లీటర్లు, ఐదుగురున్న ఇంట్లో తలకు 133. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది కేంద్రం పెట్టుకున్న లెక్క. కాగితం మీద దాదాపు సరిపోయింది. ఐదో తరగతి పిల్లలు చేయగలిగిన భాగహారమే ఇది, చేయించండి.

నాణ్యత లెక్క ఇంకా చిన్నది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నల్లా నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. 15 లీటర్ల బిందెకు 3 మిల్లీగ్రాములు. "నీళ్లు మందు వాసన వస్తున్నాయి" అని పిల్లలు ముఖం చిట్లిస్తారే, ఆ వాసనే బిందెకు కాపలా. మూత తీసి ఉంచినా, ఒక రోజు గడిచినా అది తగ్గిపోతుంది. రెండో ప్రమాణం: 100 మిల్లీలీటర్ల నీటిలో, అంటే ఒక టీ గ్లాసులో, ఈ-కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. మలం కలిసిన నీటిలో ఉండే సూక్ష్మజీవి అది.

ఎలా కలుస్తుంది? నల్లా ఆగిన గంటల్లో పైపు ఖాళీగా ఉంటుంది. పక్కనే డ్రైనేజీ లీకై, మంచినీటి పైపుకు పగులుంటే ఆ మురుగు లోపలికి చేరుతుంది. 2009 మేలో మన జంటనగరాల్లోనే, భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి పదిమందికి పైగా చనిపోయారు. అందుకే నల్లా రాగానే వచ్చే మొదటి నీళ్లను బకెట్‌లో పట్టి బట్టలకో, బాత్రూంకో వాడాలి. రంగు, వాసన తేడాగా ఉంటే 155313కి ఫోన్ చేయాలి. జలమండలి నంబరు పిల్లలకు నోటికి వచ్చినా నష్టం లేదు.

పైపు దాటాక నేరం మనదే. శుభ్రంగా వచ్చిన నీళ్లు కూడా ఎక్కువగా చెడేది చెంబు ముంచినప్పుడు, దానితో పాటు వేళ్లు మునిగినప్పుడు. ఐదేళ్ల పాపకు బ్యాక్టీరియా గురించి చెప్పనక్కర్లేదు. పొడుగు కాడ గరిటె చేతికిచ్చి, "వేళ్లు నీళ్లకు తగలకూడదు" అంటే చాలు, ఆటలా నేర్చుకుంటుంది. కుళాయి ఉన్న డబ్బా కొనగలిగితే ఆ మాట కూడా అక్కర్లేదు.

ఇక్కడ ఒక తప్పుడు అంకె గురించి చెప్పాలి. ఆర్‌ఓ ప్లాంటు వాళ్లు మీటరు ముంచి "టీడీఎస్ 80, చూడండి" అంటారు. టీడీఎస్ అంటే నీటిలో కరిగిన లవణాలు. 500 దాకా ఇబ్బంది లేదు. క్రిముల సంగతి ఆ మీటరుకు తెలియదు. పైగా ఆర్‌ఓలో క్లోరిన్ పోతుంది కాబట్టి, ఆ క్యాన్‌లో చెయ్యి పడితే అడ్డుకునేది ఏమీ ఉండదు.

విరేచనాలతో ప్రపంచంలో ఏటా ఐదేళ్లలోపు పిల్లలు సుమారు 4.4 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సబ్బుతో చేతులు కడిగే అలవాటు ఈ జబ్బును దాదాపు 30 శాతం తగ్గిస్తుంది. కడగాల్సింది 20 సెకన్లు. ఆ లెక్కకు ఇంగ్లిషు బర్త్‌డే పాటెందుకు, రెండో ఎక్కం ఉందిగా! "రెండు ఒకట్ల రెండు" దగ్గర సబ్బు పట్టి, నిదానంగా "రెండు పదుల ఇరవై" దాకా రుద్దితే సరిపోతుంది. దొడ్డికి వెళ్లొచ్చాక ఒకసారి, అన్నానికి ముందు ఒకసారి.

డ్రమ్ములకు ఇంకో బెడద దోమలు. డెంగీ దోమ మురుగు కంటే మంచినీళ్లకే ఎగబడుతుంది. గుడ్డు నుంచి దోమ దాకా సుమారు 7 నుంచి 10 రోజులు. వారానికొకసారి డ్రమ్ము ఖాళీ చేయమనేది అందుకే. 2020లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" వెనక లెక్కా అదే. ఒట్టిగా పారబోస్తే చాలదు. గుడ్లు డ్రమ్ము గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. పీచుతో గట్టిగా రుద్దాలి. కూలర్ తొట్టి, పూలకుండీ కింది పళ్లెం, మేడ మీది పాత టైరు వెతికే పని పిల్లలకు వదిలేయండి. పెద్దలకంటే వాళ్ల కళ్లకే ముందు ఆనుతాయి.

ఎంత చేసినా ఎప్పుడో ఒకసారి విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు పట్టాల్సిన ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాములు ఉంటుంది, దానికి సరిగ్గా 1 లీటరు నీళ్లు. గ్లాసులో చిటికెడు చొప్పున కలపడం మన ఇళ్లలో మామూలే, కానీ నీళ్లు తగ్గితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది, నీళ్లు ఎక్కువైతే పని చేయదు. లీటరు సీసా తెచ్చివ్వడం పెద్దపిల్లల పని. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకే కట్టుకున్నా ఆపకూడదు.