అందమొక్కటే చాలదు.. పొత్తూ కుదరాలి!

ఇంటి అక్వేరియానికి చేపల ఎంపికలో పాటించాల్సిన మెలకువలు

రావులపాలెం: గాజు తొట్టె, రంగురాళ్లు, బుడగలు వదిలే మోటారు.. అన్నీ సమకూరుతాయి. కంటికి నచ్చిన చేపలన్నీ జతల లెక్కన పాలిథిన్ సంచుల్లో ఇంటికి చేరతాయి. వారం తిరిగేసరికి ఒకదాని తోక చిరిగి ఉంటుంది. మరొకటి మూలన నక్కి మేత ముట్టదు. చిన్నవి ఒక్కొక్కటే మాయమవుతాయి. నెలాఖరుకు మిగిలేది ఒకటో రెండో. ‘మా ఇంటికి చేపలు అచ్చిరాలేదు’ అంటూ తొట్టెను అటకెక్కించేస్తారు. చాలా సందర్భాల్లో ఇందుకు కారణం ఒకటే.. ఒకదానితో ఒకటి పొసగని చేపలను ఒకే నీటిలో వేయడం.

చుట్టూ గౌతమి, పంట కాలువలు, చేపల చెరువులున్న కోనసీమలో ఈ విషయం కొత్తగా చెప్పాల్సినది కాదు. బొచ్చె నీటి పైపొరలో, శీలావతి మధ్యలో, మోసు అడుగున మేస్తాయి. మేతకు పోటీ పడవు కనుకే ఆ మూడింటినీ కలిపి పెంచుతారు. కొరమేను చొరబడితే పిల్ల చేపలు దక్కవని తెలుసు కనుక దానిని రానివ్వరు. ఇంటిలోని రెండడుగుల తొట్టెకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. చేపను కొనే ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి. అది మన నీటికి తట్టుకుంటుందా? పెరిగితే ఎంతవుతుంది? దాని స్వభావమేమిటి? నీటిలో ఏ పొరలో తిరుగుతుంది?

ముందు నీరు.. తర్వాతే చేప

అక్వేరియం చేపలన్నీ ఒకే రకం నీటిలో పుట్టినవి కావు. నియాన్ టెట్రా, ఏంజెల్ చేపల స్వస్థలం దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. అక్కడి నీరు మెత్తన, కాస్త ఆమ్ల గుణం కలది. మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చిన మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్‌లు లవణాలున్న గట్టి నీటిలోనే ఆరోగ్యంగా ఉంటాయి. గోల్డ్‌ఫిష్ చైనాలో పుట్టినది. 18 నుంచి 22 డిగ్రీల చల్లని నీరు దానికి హితవు.

కోనసీమలో గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్లలో నీరు ఒక తీరుగా, సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు నీరు ఉప్పగా ఉంటుంది. నీరు గట్టిగా ఉన్న ఇళ్లలో నియాన్ టెట్రాలకు బదులు మోలీ, గప్పీ, ప్లాటీలను ఎంచుకోవడం తెలివైన పని. మోలీ కొంత ఉప్పదనాన్నీ తట్టుకోగలదు. మందులతో నీటి గుణాన్ని మార్చాలని చూస్తే అది నాలుగు రోజులకే మళ్లీ మొదటికి వస్తుంది. ఆ హెచ్చుతగ్గులే చేపను దెబ్బతీస్తాయి. ఉన్న నీటికి తగిన చేపను తెచ్చుకోవడమే మేలు.

కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను కాల్చేస్తుంది. వెడల్పాటి తొట్టిలో కనీసం 24 గంటలు నిల్వ ఉంచిన తర్వాతే ఆ నీటిని వాడాలి. డబ్బాల్లో అమ్మే శుద్ధి చేసిన నీరు మంచిదనుకుని తొట్టెనంతా దానితోనే నింపేవారున్నారు. అందులో లవణాలు దాదాపుగా ఉండవు కనుక అది ఒక్కటే చేపలకు సరిపోదు.

కొన్నప్పుడు అంగుళం.. పెరిగితే అడుగు

దుకాణంలో కనిపించేవి పిల్ల చేపలు. అంగుళం పొడవున్న ఆస్కార్ చేప ఏడాది తిరిగేసరికి సుమారు అడుగు పెరుగుతుంది. గాజుకు అతుక్కుని పాచిని తింటుందని కొనే ‘సక్కర్’ చేప అడుగున్నర వరకు పెరుగుతుంది. గోల్డ్‌ఫిష్ కూడా బొచ్చె, శీలావతిల కుటుంబానిదే. బొద్దుగా పెరిగి, ఎక్కువ తిని, ఎక్కువ వ్యర్థాలు వదులుతుంది. గుండ్రని గాజు గిన్నె దానికి ఇల్లు కాజాలదు.

‘షార్క్’ పేరుతో అమ్మే వెండి రంగు చేపపిల్లల్లో ఒక రకాన్ని చూస్తే గోదావరి జిల్లాల ఆక్వా రైతులు ఇట్టే గుర్తుపడతారు. అది చెరువుల్లో టన్నుల కొద్దీ పెంచే పంగాసియస్. రైతుల నోట ‘ఫంగస్’ చేప. ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది దాని పుట్టిల్లు. పూర్తిగా ఎదిగితే మీటరు దాటుతుంది. అలాగే ‘పిరానా’ అని చెప్పి అమ్మే ఎర్ర పొట్ట పిల్లలు చాలావరకు మార్కెట్లో కిలోల లెక్కన దొరికే రూప్‌చంద్ చేపలే. ఎకరాల చెరువులో పెరగాల్సిన చేపను రెండడుగుల తొట్టెలో వేస్తే అది గాజుకు మోదుకుని గాయపడుతుంది. లేదా తోటి చేపలను మింగుతుంది.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టె నిండా పోస్తే పట్టేది సుమారు 57 లీటర్లు. రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా 45 నుంచి 50 లీటర్లే మిగులుతాయి. పెరిగినా రెండంగుళాలు దాటని చిన్న చేపలు పది, పన్నెండుకు మించి ఇందులో వేయకూడదు. పెద్ద జాతులకు ఇది ఏ విధంగానూ చాలదు.

నోట్లో పట్టేదంతా మేతే

చేపల పొత్తులో మొదటి సూత్రం ఇది. ఒక చేప నోట్లో మరొక చేప పట్టిందంటే అది ఎప్పుడో ఒకప్పుడు ఆహారమవుతుంది. నిదానంగా, హుందాగా కదిలే ఏంజెల్ చేపను చూసి ఎవరూ అనుమానించరు. అది అరచేయంత పెరిగాక రాత్రికి రాత్రే నియాన్ టెట్రాలు తగ్గిపోతుంటాయి. రెండూ అమెజాన్ చేపలే, రెండింటికీ ఒకే నీరు సరిపోతుంది. అయినా పరిమాణంలో తేడా వస్తే పొత్తు చెడుతుంది.

రెండోది రెక్కలు కొరికే అలవాటు. చారల టైగర్ బార్బ్‌లను రెండు, మూడు మాత్రమే వేస్తే గప్పీ, ఏంజెల్, ఫైటర్ వంటి పొడవాటి రెక్కల చేపలను వెంటాడి కొరుకుతాయి. ఎనిమిది, పది కలిపి గుంపుగా ఉంచితే ఆ చలాకీతనం తమలో తామే తీర్చుకుంటాయి. అప్పుడైనా పొడవాటి రెక్కల చేపలను వాటితో కలపకూడదు.

మూడోది హద్దుల తగాదా. థాయ్‌లాండ్‌కు చెందిన ఫైటర్ చేపలో రెండు మగవాటిని ఒకచోట ఉంచితే రెండింటిలో ఒకటి మిగలడం కష్టం. రంగుల తోక గల మగ గప్పీని కూడా ప్రత్యర్థి అనుకుని దాడి చేసే ఫైటర్‌లున్నాయి. నుదుట బుడిపెతో ఉండే ఫ్లవర్‌హార్న్ 1990లలో మలేసియాలో సంకరపరచిన చేప. తోడు ఎవరినీ సహించదు. దానిని ఒంటరిగానే పెంచాలి.

ఇందుకు భిన్నంగా కొన్ని చేపలకు ఒంటరితనమే శత్రువు. టెట్రాలు, బార్బ్‌లు, జీబ్రా డేనియోలు గుంపు జీవులు. ఆరుకు తక్కువైతే బెదిరి, రంగు కోల్పోయి, మేత మానేస్తాయి. ‘ఒక్కో రకం ఒక్కో జత’ అనే అలవాటు వీటి పాలిట శాపం. రకాలు తగ్గించి, ఒక్కో రకంలో సంఖ్య పెంచడమే సరైన పద్ధతి.

పొసిగే జట్లు ఇవీ..

* రెండడుగుల తొట్టె, గట్టి నీరు: ప్లాటీలు మూడు, గప్పీలు ఆరు. ఒక మగ చేపకు కనీసం రెండు ఆడ చేపలుండాలి. లేకపోతే మగవి నిత్యం తరిమి ఆడ చేపలను అలసటకు గురిచేస్తాయి. ఇవి పిల్లలను కనే జాతులు. నెలకోసారి ఈనుతాయి కనుక సంతతి పెరగడం ఇష్టం లేనివారు మగవాటినే పెంచుకోవచ్చు.

* రెండడుగుల తొట్టె, మధ్యస్థపు నీరు: జీబ్రా డేనియోలు ఆరు, తేనె రంగు హనీ గౌరామీ జత ఒకటి. రెండూ మన ఉపఖండపు చేపలే. డేనియోలు పైన పరుగులు తీస్తాయి. గౌరామీలు మొక్కల చాటున మధ్యలో ఉంటాయి.

* మూడడుగుల తొట్టె, మెత్తని నీరు: మధ్య పొరకు టెట్రాలు పది, అడుగున కోరిడోరాస్‌లు ఆరు, పైన గౌరామీ జత. బొచ్చె, శీలావతి, మోసుల లెక్కే ఇదీ. అయితే కోరిడోరాస్‌లకు వేడి పడదు. వేసవిలో తొట్టెను చల్లగా ఉంచగలిగిన ఇళ్లకే ఈ జట్టు నప్పుతుంది. అవి అడుగున వెతుక్కుంటాయి కనుక పదునైన రాళ్లకు బదులు సన్నని ఇసుక పరచాలి.

* ఒక్క చేపతో సరిపెట్టుకునేవారు: 15, 20 లీటర్ల తొట్టెలో ఒక ఫైటర్, కొన్ని నీటి మొక్కలు.

కాలువలో పిల్లలు పట్టి తెచ్చే చేపల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎర్రగా గుంపుగా తిరిగే కొరమేను పిల్లలు ముచ్చటగా ఉంటాయి. అవి, మట్టగిడసలు, వాలుగలు పెరిగితే మిగిలిన చేపలన్నీ వాటికి మేతే. కాలువ చేపలతో పరాన్నజీవులు, రోగాలు కూడా తొట్టెలోకి రావచ్చు.

తొందరపడితే మొదటికే మోసం

ఆక్వా చెరువుల రైతులను భయపెట్టే అమ్మోనియా గాజు తొట్టెలోనూ ఉంటుంది. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియాగా మారతాయి. ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా, మరో రకం దానిని హాని తక్కువైన నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజే పాతిక చేపలు వేసి, మూడో రోజున చనిపోయాయని వాపోయేది ఇందుకే. పొత్తు కుదిరే చేపలనైనా మొదట రెండు, మూడు మాత్రమే వేసి, వారాల వ్యవధిలో మిగిలినవి చేర్చాలి. వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చాలి. నీరంతా తీసి తొట్టెను, ఫిల్టర్‌ను కుళాయి కింద కడిగేస్తే మేలు చేసే సూక్ష్మజీవులూ కొట్టుకుపోతాయి. ఫిల్టర్ స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండాలి.

కొత్త చేపలను సంచిలోంచి నేరుగా ఒంపకూడదు. సంచిని పావుగంట సేపు తొట్టె నీటిపై తేలనిచ్చి, ఆ తర్వాత కొద్దికొద్దిగా తొట్టె నీరు కలిపి వదలాలి. వీలుంటే రెండు, మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి, రోగం లేదని తేలాకే పాతవాటితో కలపాలి.

వేసవిలో మరింత జాగ్రత్త

ఏప్రిల్, మే నెలల్లో తొట్టె నీరు 30 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అమ్మోనియా విషప్రభావం పెరుగుతుంది. ఆ సమయంలో కరెంటు పోయి గాలి మోటారు ఆగితే గోల్డ్‌ఫిష్ వంటివి త్వరగా ఇబ్బంది పడతాయి. గౌరామీ, ఫైటర్‌లు కొరమేను మాదిరి నీటిపైకి వచ్చి గాలి పీల్చగలవు కనుక కొంత నిలదొక్కుకుంటాయి. మన వాతావరణానికి ఇవి అనువైనవి కావడానికి కారణం ఇదే. తొట్టెను కిటికీ ఎండకు దూరంగా ఉంచడం, దీపం వెలిగే గంటలు తగ్గించడం, నీటిపైకి ఫ్యాను గాలి తగిలేలా చేయడం, మేత తగ్గించడం ఉపకరిస్తాయి. ఐసు గడ్డలు నేరుగా వేస్తే నీరు ఒక్కసారిగా చల్లబడి చేపలు దెబ్బతింటాయి.

వద్దనుకుంటే కాలువలో వదలొద్దు

పొత్తు కుదరని చేపను ఏం చేయాలన్నది అసలు సమస్య. చంపడానికి మనసొప్పక చాలామంది దగ్గరలోని కాలువలోనో, చెరువులోనో వదిలేస్తారు. చేపకు స్వేచ్ఛ ఇచ్చామనుకుంటారు. ఆ చేప కొత్త నీటిలో ప్రాణం విడవవచ్చు, లేదా బతికి బట్టకడితే అక్కడి చేపలకు ముప్పు తేవచ్చు.

సక్కర్ చేపే ఇందుకు నిదర్శనం. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప అక్వేరియాల ద్వారానే మన దేశానికి వచ్చింది. వలలో పడ్డ దీనిని మన రాష్ట్రంలో ‘దెయ్యపు చేప’ అంటున్నారు. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు ఉండటంతో వలలు చిరుగుతాయి. తినేవారు లేక ధర పలకదు. గట్లకు బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. మేతకు స్థానిక చేపలతో పోటీ పడుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్లను పరీక్షించి, తూర్పు కనుమల ప్రాంతపు జలవనరుల్లో ఇది విస్తృతంగా వ్యాపించిందని గుర్తించారు.

అందం కోసం తెచ్చినది కాలువ పాలైతే ఏమవుతుందో కోనసీమకు వేరే చెప్పనక్కర్లేదు. కాలువలను కమ్మేసే గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి ఊదారంగు పూల కోసం 19వ శతాబ్దం చివరలో బెంగాల్‌కు తెచ్చిన అలంకార మొక్కే. బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల మీదుగా సాగే మధ్య డెల్టా కాలువలు ఊరూరికీ, చెరువు చెరువుకీ కలిసే ఉన్నాయి. ఒకచోట వదిలిన చేప ఒకచోటే ఉండదు.

తొట్టెకు మించిన చేపను అమ్మిన దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చు. పెద్ద తొట్టె ఉన్నవారికి అప్పగించవచ్చు. గప్పీ పిల్లలను పెంచుకునేవారికి పంచవచ్చు. అన్నిటికన్నా మేలైనది కొనే ముందే ఆలోచించడం. దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘జత ఎంత?’ అన్నది కాదు. ‘ఇది ఎంత పెరుగుతుంది, దేనితో కలుస్తుంది?’ అని అడగాలి. సూటిగా జవాబు దొరకకపోతే ఆ రోజుకు చేపను కొనకుండా తిరిగి రావడమే ఉత్తమం.