పిల్లలచేతికి పైకము

నల్లగొండ, మహబూబునగరు మండలముల పెద్దలు బాల్యమున రెండు లెక్కలు నేర్వవలసివచ్చెను. రూపాయకు 16 అణాలను లెక్క యొకటి. 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానమను లెక్క మఱియొకటి. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయకు నూఱు పైసలయ్యెను. హాలీ సిక్కా 1959 నాటికి చలామణినుండి తొలగెను. లెక్క సులభమైనది.

నేటి బిడ్డలకు కష్టము వేఱొకచోట గలదు. తల్లిదండ్రులు సెల్‌ఫోనుతో చెల్లించుచుండుటచే పైకము చేయి మాఱుట వారికి కానరాదు. ఆఱవతరగతి బాలునికి భాగహారము వచ్చును గాని, సంతలో ఏబదిరూపాయల నోటిచ్చి చిల్లర సరిచూచుకొనుట రాదు. ఇది చూచి మేము సిగ్గుపడితిమి. లోపము వానిది కాదు, మాది.

తీసివేతకంటె అంగడివారి పద్ధతియే మేలు. వెల 37 రూపాయలు, ఇచ్చినది 50 అనుకొందము. ముప్పదియేడునకు మూడు కలిపిన నలుబది. మఱి పది కలిపిన ఏబది. రావలసినది 13. మొదట నింట చింతగింజలు సరకుగా, నిజమైన నాణెములతో అంగడియాట ఆడింపుడు. పిమ్మట ఒక్క కొత్తిమీరకట్ట తెమ్మని పంపుడు. వెల ముందడుగుట, చిల్లర అచటనే లెక్కించుట, ప్రారంభమున ఇంతియే చాలును. చిల్లరకు మాఱుగా చాక్లెటు చేతబెట్టినచో వలదనుట మాత్రము లెక్కకంటె కష్టము; దానికి ధైర్యము కావలెను. పదిరూపాయల నాణెము చెల్లదనువారును గలరు. 14 తీరుల నాణెములును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించెను.

రెండు రూపాయలు పోగొట్టుకొని వచ్చిన బిడ్డను కసరకుడు. మఱునాడు మరల వానినే పంపుడు.