బండి కొండెక్కాలి... టర్బో కాదు!

సుమో, స్కార్పియో, ఇన్నోవా... పదిహేనేళ్లు దాటిన టర్బో బళ్లు మన్యం ఘాట్లు ఎక్కుతూనే ఉన్నాయి. వాటిని దెబ్బతీసేది వయసొక్కటే కాదు. మార్చని ఆయిలూ, తాళం తిప్పేసే తొందరా! ఈ రెండూ చక్కదిద్దుకుంటే పాత ఇంజనైనా నమ్మకంగా నడుస్తుంది.

పార్వతీపురం మన్యంలో ప్రయాణమంటే కొండలతో పనే. గుమ్మలక్ష్మీపురం, సీతంపేట ఏజెన్సీ ఊళ్లకు వెళ్లాలన్నా, సాలూరు నుంచి పి.కోనవలస ఘాట్ ఎక్కి ఒడిశాలోని సుంకి, కొరాపుట్ చేరాలన్నా బండికి అగ్నిపరీక్షే. పెళ్లివారైనా, సంతకు వెళ్లే చింతపండు మూటలైనా, నొప్పులు పడుతున్న గర్భిణి అయినా... చాలాచోట్ల ఊళ్లో ఉన్న ఆ ఒక్క పాత బండే దిక్కు. అది దారిలో ఆగిపోతే జరిగే నష్టం మెకానిక్ ఇచ్చే బిల్లుతో పోయేది కాదు.

2002లో వచ్చిన స్కార్పియో, 2005లో వచ్చిన ఇన్నోవా, 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్... వీటన్నిటి ఇంజన్లకూ ఊపిరి టర్బోనే. తొలినాటి బళ్లకు పదిహేనేళ్లు ఎప్పుడో నిండాయి. ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ తిరుగుతున్నవి ఎన్నో. కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి, ఉన్నదాన్ని కాపాడుకోవడమే దారి.

పొగతో తిరిగే పంకా

ఇంజన్‌లో డీజిల్ మండాలంటే గాలి కావాలి. ఎంత ఎక్కువ గాలి అందితే అంత ఎక్కువ డీజిల్‌ను శుభ్రంగా మండించవచ్చు. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే షాఫ్ట్‌కు రెండో చివర ఉన్న మరో చక్రంతో బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపడమే టర్బో చేసే పని. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూచి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు పొందారు.

దీని సత్తా తేలింది కూడా కొండమీదే! ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ఇంజన్ నీరసపడుతుంది. 1918లో అమెరికా ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానం ఇంజన్‌ను 14 వేల అడుగుల పైక్స్ పీక్ శిఖరానికి తీసుకెళ్లి పరీక్షించారు. పలచటి గాలికి తగ్గిన శక్తి టర్బో బిగించాక తిరిగొచ్చింది. సుమారు మూడు వేల అడుగుల ఎత్తున్న అరకుకు నిండు బండి ఆయాసపడకుండా చేరుతుందంటే అందులో టర్బో సాయం చాలానే ఉంది.

ఆ చలవ ఊరికే రాదు. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు దాన్ని తాకే పొగ వేడి 700 డిగ్రీల సెల్సియస్‌ దాకా వెళ్తుంది. అంత వేగంలో షాఫ్ట్ బేరింగును తాకకుండా తేలుతూ తిరిగేది సన్నటి ఆయిల్ పొర మీదే. ఆ పొరే దాని ప్రాణం.

తాళం తీసే తొందర

బండి ఘాట్ ఎక్కింది. పైన టీకొట్టు దగ్గర ఆగింది. డ్రైవరు వెంటనే తాళం తిప్పేశాడు. ఎవరికీ తప్పుగా కనిపించని ఈ పనే టర్బోకు పెద్ద దెబ్బ.

ఇంజన్ ఆగగానే ఆయిల్ పంపు కూడా ఆగిపోతుంది. టర్బో మాత్రం ఇంకా మహా వేడి మీద ఉంటుంది. లోపల నిలిచిపోయిన కాస్త ఆయిలూ ఆ వేడికి మాడి, మూకుట్లో నూనె అడుగంటినట్టు నల్లటి పొరగా గట్టిపడుతుంది. రోజూ ఇదే జరిగితే ఆ మాడు ఆయిల్ దారులకు అడ్డుపడుతుంది. బేరింగులు అరిగిపోతాయి.

దీనికి మందు పైసా ఖర్చు లేనిది. ఎక్కుడు అయ్యాక తాళం తీయకుండా ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను నిదానంగా నడవనివ్వాలి. చాలామంది లారీ డ్రైవర్లకు ఇది ఏనాటి నుంచో అలవాటే. చివరి కిలోమీటరు మెల్లగా నడిపినా దాదాపు అంతే ఫలితం. పొద్దున్నే స్టార్ట్ చేశాక కూడా అర నిమిషం ఆగాలి. ఆయిల్ టర్బో దాకా చేరకముందే యాక్సిలరేటర్ తొక్కితే షాఫ్ట్ పొడిగా తిరుగుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటుంది. డీజిల్ మిగులుతుందని దిగుడులో ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో వదిలేయడం! టర్బోకు ఆయిల్ అందదు సరే... బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ కూడా ఇంజన్ నుంచే రావాలి. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. ఘాట్ మలుపులో ఇది ప్రాణాల మీదికే తెస్తుంది. నిజానికి గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే దిగుడులో డీజిల్ దాదాపు ఖర్చు కాదు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

పోయడం వేరు, మార్చడం వేరు

తగ్గిన ఆయిల్ పోసుకుంటూ పోతే చాలనుకునేవారు ఎందరో. పాత ఆయిల్‌లోని మసి, లోహపు పొడి ఎక్కడికీ పోవు. కొత్త ఆయిల్ కూడా వాటితో కలిసి పాడవుతుంది. ఫిల్టరుతో సహా మొత్తం మార్చాల్సిందే. దుమ్ము, ఘాట్లు, బరువులు... ఇలాంటి చోట తిరిగే బండికి గడువుకంటే ముందే ఆయిల్ మార్చాలని చాలా కంపెనీల మాన్యువళ్లలోనే ఉంటుంది. ఏ గ్రేడు వాడాలో కూడా అందులోనే చూడాలి. డబ్బా మీద ధర చూసి కాదు.

గాలి ఫిల్టరు సంగతీ అంతే. మట్టిరోడ్డు దుమ్ము లోపలికి జొరబడితే లక్ష చుట్లు తిరిగే రెక్కల మీద ఆకురాయి పట్టినట్టే. ఫిల్టరు పెట్టె మూత బిగుతుగా ఉందో లేదో, రబ్బరు పైపులు చిట్లాయో లేదో కూడా చూస్తుండాలి.

యంత్రం ఎంత గొప్పదైనా వాడేవారి శ్రద్ధ లేకపోతే నిలవదు. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, టర్బోతో అమ్మకానికి వచ్చిన తొలి కార్లలో ఒకటి. దానికి ఒక ప్రత్యేక ద్రవం ఎప్పటికప్పుడు నింపుతుండాలి. చాలామంది యజమానులు నింపలేదు. ఫిర్యాదులు పెరిగి, చివరికి కంపెనీయే టర్బోలు ఊడదీసి మామూలు కార్బురేటర్లు బిగించి ఇచ్చింది!

పొగ చెప్పే కబురు

టర్బో చెప్పకుండా పోదు. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. నల్ల పొగతో పాటు పికప్ తగ్గితే గాలి సరిగా అందనట్టు. ఎక్కడో పైపు చిట్లి ఉండొచ్చు, ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. ఎప్పుడూ లేని ఈల, సైరను లాంటి కూత వినిపిస్తే వెంటనే చూపించాలి.

నీలం పొగను నెలల తరబడి పట్టించుకోకపోతే ముప్పు పెద్దదే. టర్బో సీలు పూర్తిగా పాడైతే ఇంజన్ ఆయిల్ నేరుగా సిలిండర్లలోకి వెళ్తుంది. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా మండించుకుంటూ తాళం తీసేసినా ఆగకుండా గోల పెడుతుంది. అప్పుడు బండిని టాప్ గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి క్లచ్ వదిలేయాలి. ఇంజన్ ఆగిపోతుంది. ఆగకపోతే బానెట్ జోలికి పోకుండా అందరినీ దించి దూరంగా పంపాలి.

టర్బో పోయిందంటే కొత్తది బిగించి పంపేస్తే సరిపోదు. అసలు ఎందుకు పోయిందో వెతకాలి. ఆయిల్ తెచ్చే సన్న పైపులో మాడు పేరుకుందా? ఇంజన్ బ్రీదర్ మూసుకుపోయిందా? పాత పైపే ఉంచి కొత్త టర్బో బిగిస్తే కొన్నాళ్లకే అదీ పోవచ్చు. ఒక టర్బో ఖరీదుతో ఎన్నోసార్లు ఆయిల్ మార్చుకోవచ్చు మరి!

ఘాట్ ఎక్కే ముందు...

* బండి సమతలంలో ఉండగా, ఇంజన్ ఆపిన కొన్ని నిమిషాలకు ఆయిల్ గేజి చూడాలి. గరిష్ఠ గీత దాటి పోయడమూ తప్పే.

* రేడియేటర్‌లో వట్టి నీళ్లు కాకుండా కంపెనీ చెప్పిన కూలెంట్ ఉండాలి. వేడి మీద మూత తీయకూడదు.

* టర్బోకు వెళ్లే, వచ్చే పైపుల దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో చూడాలి.

* ఎక్కుడులో పెద్ద గేరులో ఈడ్చకూడదు. ఇంజన్ మూలుగుతుంటే గేరు తగ్గించాలి.

* కొత్త టర్బో బిగించాక తొలిసారి స్టార్ట్ చేసే ముందు దానిలో ఆయిల్ పోశారో లేదో మెకానిక్‌ను అడగాలి.

* కొండపైన ఆగాక... ముందు అందరూ దిగండి, సామాన్లు దించండి. తాళం తీయడం ఆ తరవాతే!