బెర్తు ఒకటే... కౌంటర్లెన్నో!

నిజామాబాద్, బోధన్‌ల నుంచి గల్ఫ్ బయల్దేరినవారిలో ఎందరికో తొలి మజిలీ ముంబయి. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరక్కపోతే విమానమే తప్పిపోవచ్చు. నిజామాబాద్ స్టేషన్లో ఫారం అందుకున్న క్లర్కు మీటలు నొక్కగానే తెరమీద జవాబొస్తుంది. కానీ ఆ లెక్క టెర్మినల్లో ఉండదు... సికింద్రాబాద్‌లోని పెద్ద కంప్యూటర్ది! అదే క్షణంలో మరో ఊరివాళ్లూ అదే బెర్తు అడిగితే? ముందు అందిన అభ్యర్థనకే అది దక్కుతుంది.

రిజిస్టర్ల కాలంలో వేరేచోట బయల్దేరే రైలుకు తంతి పంపి ఎదురుచూసేవారు. 1994లో సికింద్రాబాద్‌లో మొదలైన ‘కన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ 1999కల్లా ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై కేంద్రాలనూ కలిపింది. ముంబయి నుంచి తిరుగు టికెట్టూ నిజామాబాద్‌లోనే చేతికొచ్చింది. ఇప్పుడు ఫోన్లో కొంటున్నా, జవాబు చెప్పేది ఆ కేంద్రాల లెక్కలే!