మీటరు చూపించని అరుగుదల

అడవి దారుల్లో తిరిగే జిప్సీలకు కిలోమీటర్ల లెక్క చాలదు. గంటలు లెక్కపెట్టాలి, దుమ్మునూ నీళ్లనూ కూడా

ఏటా జులై 1న కన్హా పులుల అభయారణ్యం ప్రధాన ప్రాంతంలోకి పర్యాటకుల రాకపోకలు ఆగిపోతాయి. గేట్లు మళ్లీ తెరుచుకునేది అక్టోబర్ 1న. మధ్యప్రదేశ్‌లోని ఈ అడవికి వానాకాలం విశ్రాంతి. తొమ్మిది నెలలు సందర్శకుల్ని మోసిన మారుతి జిప్సీలకేమో మరమ్మతుల కాలం. ఇంజన్ విప్పడానికీ, కమాను కట్టలు మార్చడానికీ మూడు నెలలు బోలెడంత వ్యవధి. చిక్కల్లా మిగతా తొమ్మిది నెలలతోనే. రోజూ రెండు ట్రిప్పులు తిరిగే బండికి సర్వీసు ఎప్పుడు చేయించాలి? సొంత బండి ఉన్న ఎవరైనా ముందు చూసేది ఓడోమీటర్‌నే. అడవిలో అది సగం నిజమే చెబుతుంది.

లెక్క వేసి చూడండి. ఆయిల్‌ను 5,000 కిలోమీటర్లకు మార్చాలనుకుందాం. హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల చొప్పున సాగే బండి ఆ దూరాన్ని 83 గంటల్లో ముగిస్తుంది. పార్కులో వేగ పరిమితి 20 కిలోమీటర్లే. ఆగిన ప్రతిసారీ డ్రైవర్ ఇంజన్ ఆపేస్తాడనుకున్నా, మిగతా దారంతా పరిమితికి తగ్గకుండా నడిపాడనుకున్నా 250 గంటలు పడుతుంది. మీటరులో రెండు బండ్ల అంకె ఒకటే. రెండోదాని ఇంజన్ తిరిగింది మాత్రం మూడు రెట్ల సేపు, అదీ చిన్న గేర్లలో. ఈ సంగతి ట్రాక్టర్ ఉన్న రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన బండి మీటరే గంటల్లో తిరుగుతుంది.

ఇంజన్‌కు అసలు శత్రువు దుమ్ము. మార్చి దాటాక మట్టి దారిలో ముందు బండి లేపిన ధూళిని వెనక బండి పీలుస్తుంది. ఆ ధూళిలోని ఇసుక రేణువులు సిలిండర్ గోడల్నీ, పిస్టన్ రింగుల్నీ ఆకురాయిలా అరగదీస్తాయి. అలాంటి రోజుల్లో ఎయిర్ ఫిల్టర్‌ను వేల కిలోమీటర్లకు కాదు, ఏ రోజుకారోజు తెరిచి చూడాలి. శుభ్రం చేయడంలోనూ ఒక పద్ధతుంది. గాలిని లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. తొందరపడి గట్టిగా కొడితే కాగితం చిరుగుతుంది. మూసుకుపోయిన ఫిల్టర్ బండి ఊపు తగ్గిస్తుంది, అంతే. చిరిగిన ఫిల్టర్ ఇంజన్‌నే తినేస్తుంది. పైగా బండి హుషారుగానే నడుస్తుంది కాబట్టి ఆ సంగతి చాన్నాళ్లు బయటపడదు.

నీళ్ల సంగతి వేరు. చక్రం మధ్య భాగం మునిగేంత వాగు దాటితే ఆ రోజే గడువు తీరినట్టు లెక్క. వేడెక్కిన డిఫరెన్షియల్ చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల సందుల్లోంచో గాలి గొట్టంలోంచో నీటిని లాక్కుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగిందంటే మార్చడం తప్ప దారి లేదు. వెనక బ్రేకు డ్రమ్ముల్లో చేరిన బురద ఎండి గట్టిపడకముందే కడిగేయాలి. ఆరుగురు సందర్శకులు, గైడు, డ్రైవర్‌తో దిగుడులో ఉన్న బండికి బ్రేకు అందకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కుదుపులకు యు బోల్టులు వదులవుతాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లలో గ్రీజు ఎండిపోతుంది. రెంచీ, గ్రీజు గన్ ఉంటే అరగంట పని. వాయిదా పడేది కూడా ఇలాంటి పనే.

నగరాల్లో ఖరీదైన ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లది తలకిందుల జబ్బు. రెండో గేరు కర్ర ఏళ్ల తరబడి కదలదు. తీరా అవసరమైన రోజున అది పడదు. నెలకోసారి మట్టి నేల మీద కొద్ది దూరం ఫోర్ వీల్‌లో నడిపితే లోపల ఆయిల్ అన్నిచోట్లకూ చేరుతుంది. జిప్సీ లాంటి బండినైతే పొడి తారు రోడ్డు మీద అలా నడపకూడదు. మలుపుల్లో ముందు, వెనక ఇరుసులు ఒకదాన్నొకటి బిగదీసుకుంటాయి.

ఇవేమీ కంపెనీలకు తెలియని రహస్యాలు కావు. బండితో ఇచ్చే పుస్తకంలో దుమ్ము, బురద లాంటి కఠిన పరిస్థితుల కోసం మరో పట్టిక ఉంటుంది. అందులో గడువులు తక్కువ, ఆయిల్‌కైతే చాలాసార్లు సగమే. పుస్తకాన్ని అంతదాకా తిరగేసే ఓపికే కరువు. ఖర్చు భయమూ ఉంటుంది. సీజన్‌లో బండి ఒక్క రోజు షెడ్డులో ఉంటే వంతు పోతుంది. కానీ పులులు తిరిగే చోట బండి మొరాయిస్తే ఎవరూ కిందికి దిగడానికి వీల్లేదు, మరో బండి వచ్చేదాకా కూర్చోవాల్సిందే. ఆ రోజు పోయేది ఒక్క వంతుతో ఆగదు.

1985లో వచ్చిన జిప్సీని సామాన్య కొనుగోలుదారులకు అమ్మడం మారుతి 2019లో ఆపేసింది. అడవుల్లో ఇంకా తిరుగుతున్న జిప్సీల్లో కొత్తదనుకున్నదానికీ ఏళ్లు మీదపడ్డాయి. వాటికి గంటల మీటరు లేకపోయినా లోటు లేదు. లోపలికి వెళ్లిన వేళ, బయటికి వచ్చిన వేళ డ్రైవర్ ఒక చిన్న డైరీలో రాసుకుంటే చాలు, నెలాఖరుకు కూడి చూసుకోవచ్చు.