గోడలోని కంప్యూటరు

బడి బయట, బోధకుడు లేకుండ పిల్లలు కంప్యూటరును నేర్వగలరా? భౌతికశాస్త్రజ్ఞుడు సుగతా మిత్రా 1999లో దీనిని పరీక్షించెను. న్యూఢిల్లీలోని కాల్కాజీలో మురికివాడను ఆనుకొనియున్న గోడలో ఒక కంప్యూటరును అమర్చి, పిల్లలకు అందునట్లు విడిచిపెట్టెను. వారు గుంపుగా చేరి, ఒకరు కనుగొన్న కిటుకును వేరొకరికి చూపుచు, తమంత తామే ఇంటర్నెట్టును వాడ నేర్చిరి.

తరువాత దక్షిణ భారతములోని కాళికుప్పములో పిల్లలు, ఆంగ్లములోనున్న అణుజీవశాస్త్ర విషయములను ఇట్లే కొంతవరకు గ్రహించిరి. అయితే, ఆ శాస్త్రము ఎరుగకున్నను వారితో చనువుగల వ్యక్తి యొకరు చెంతనుండి, మెచ్చుకొనుచు ప్రశ్నించుచుండగా, వారి మార్కులు ఇంకను హెచ్చినవి. ఈ ఫలితము 2010లో ప్రకటితమైనది.

కనుక బిడ్డకు యంత్రము కొనియిచ్చుటతో పెద్దల పని తీరదు. తమకు ఆ విద్య రాకున్నను, ప్రక్కన కూర్చుండి, నేడేమి తెలిసికొంటివని అడుగుట ఎవరికైనను సాధ్యమే.